పడక సీను కృష్ణుడు, కాటిసీను హరిశ్చంద్రుడు

పద్యనాటకం కరపత్రంలో శ్రీకృష్ణుడి వేషానికి ఎదురుగా ఒక పేరు ఉండేది కాదు, మూడు ఉండేవి. ఒకటవ కృష్ణుడు ఫలానా, రెండవ కృష్ణుడు ఫలానా, మూడవ కృష్ణుడు ఫలానా. ఇప్పటివాళ్ళు ఆ కాగితం చూస్తే అచ్చుతప్పు అనుకుంటారు. పందిరి ముందు చాప పరుచుకుని రాత్రంతా కూర్చున్నవాళ్ళకి మాత్రం అందులో వింతేమీ లేదు. అర్జునుడు, దుర్యోధనుడు సాయం అడగడానికి వచ్చేసరికి కృష్ణుడు పడుకుని ఉండే పడక సీనుకి ఒకాయన, రాయబారానికి ఇంకొకాయన, ఆ పైన యుద్ధానికి మరొకాయన. హరిశ్చంద్ర అయితే వారణాసి దాకా ఒక హరిశ్చంద్రుడు, శ్మశానంలో నడిచే కాటిసీనుకి వేరే హరిశ్చంద్రుడు. తెర పడి లేచేసరికి మనిషి ఎత్తు మారేది, గొంతు మారేది. చంద్రమతి మాత్రం ఆ కొత్తాయన్నే "నాథా" అని పిలిచేది. ఎవరూ నవ్వేవారు కాదు. పైగా "ఇక చూడండి, అసలు మనిషి వచ్చాడు" అని సర్దుకుని కూర్చునేవారు.

ఒక పాత్ర నటుడికి అంటుకుపోయి వదలకపోవడం గురించి మాట్లాడితే అందరూ సినిమాల పేర్లే చెబుతారు. స్టేజీ అంతకంటే ముందుకు పోయింది. అక్కడ పాత్ర కూడా కాదు, పాత్రలో ఒక్క సీను మనిషికి ఇంటిపేరైంది. ఇదంతా ప్రతిభ వల్లనే అని చెప్పుకోవడం బాగుంటుంది గానీ, సగం కారణం నాటకం కట్టే పద్ధతిలోనే ఉంది.

దాన్ని కాంబినేషన్ నాటకం అనేవారు. కాంట్రాక్టరు ఒక ఊరి తిరునాళ్ళకి నాటకం ఒప్పుకుంటాడు. కృష్ణుడికి ఒక ఊళ్ళో బయానా ఇస్తాడు, దుర్యోధనుడికి ఇంకో ఊళ్ళో, అర్జునుడికి మూడో ఊళ్ళో. హార్మోనిస్టు వేరే చోటి నుంచి వస్తాడు. డ్రెస్సులు, పరదాలు అద్దెకి వస్తాయి. వీళ్ళంతా పొద్దుగూకే వేళకి ఆ ఊరు చేరి, గ్రీన్ రూం అనబడే ఆ తడికల మధ్య ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రిహార్సలు అనే మాటే లేదు. అలా కలిసిన పదిమంది తెల్లవార్లూ నాటకం నడపాలంటే ప్రతివాడికీ తన ముక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చి ఉండాలి, ఎదుటివాడి ముక్కలో చివరి మాట కూడా తెలిసి ఉండాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్ర, కాళ్ళకూరి నారాయణరావు గారి చింతామణి ఇన్ని దశాబ్దాలు ఆడడానికి ఆ రచనల గొప్పతనం ఒక కారణమైతే, ఏ జిల్లా నటుడైనా ఏ జిల్లా నటుడితోనైనా కలిసి ఆడగలిగేలా పాఠం స్థిరపడిపోవడం ఇంకో కారణం. ఆ లెక్కలో నాలుగు వేషాలు ఓ మోస్తరుగా వచ్చినవాడి కంటే ఒక్క వేషం గట్టిగా వచ్చినవాడే కాంట్రాక్టరుకి ముద్దు. బయానా ఇచ్చేటప్పుడు "ఏం వేస్తారు?" అని అడగడు, "పడక సీను మీరే కదా" అంటాడు. అలా పదేళ్ళు గడిస్తే వేషం మనిషిని వదలమన్నా వదలదు.

తెర ఎత్తేముందు వాళ్ళు నిజంగా మాట్లాడుకునేది ఒక్క విషయం గురించే: శ్రుతి. హార్మోనియం మీద మొదటి తెల్లమెట్టు ఒకటి శ్రుతి, ఆ పక్క నల్లమెట్టు ఒకటిన్నర, తర్వాత తెల్లది రెండు, అలా పోతుంది. కచేరీల్లో మగ గాయకులు సాధారణంగా ఒకటికి, రెండుకి మధ్య పాడతారు. నాటకంవాళ్ళు నాలుగులో, ఐదులో అందుకునేవారు. మైకులు లేని రోజుల్లో వేలమంది కూర్చున్న మైదానంలో చివరి వరసకి మాట చేరాలంటే వేరే దారి లేదు. తీరా మైకులు వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. తక్కువ శ్రుతిలో పాడితే "గొంతు పోయింది పాపం" అనేసేవారు.

ఇక్కడే చిక్కు. కృష్ణుడు ఐదు, దుర్యోధనుడు నాలుగు అయితే రాయబారం ఎలా నడుస్తుంది? హార్మోనిస్టు పద్యం పద్యానికీ శ్రుతి మార్చాలి. అలా మారిన ప్రతిసారీ వినేవాళ్ళ చెవి ఒక క్షణం తడబడుతుంది. మార్చకపోతే ఇద్దరిలో ఒకరు నలిగిపోతారు. పై శ్రుతికి అలవాటు లేనివాడు మొదటి రెండు పద్యాలు లాక్కొస్తాడు, మూడోదానిలో తారస్థాయి అందక గొంతు చీలుతుంది. కింది శ్రుతికి దిగినవాడికి గొంతు చీలదు గానీ మంద్రంలో మాట వినపడదు. అందుకే తెలివైన కాంట్రాక్టర్లు శ్రుతులు కలిసినవాళ్ళనే జతగా తెచ్చేవారు. ఈ కృష్ణుడికి ఆ అర్జునుడు, ఆ దుర్యోధనుడికి ఈ కర్ణుడు. జత కుదిరాక ఒకడు వేషం మార్చుకుంటానంటే రెండోవాడి తిండి కూడా పోతుంది. వేషం వదలకపోవడానికి ఇదొక కారణమని బయట ఎవరూ చెప్పరు.

పద్యం ఎక్కడ విరవాలో తెలియడం ఇంకో విద్య. "చెల్లియో చెల్లకో తమకు" అని మొదలయ్యే పద్యం ఉత్పలమాల. పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం మీద. "తమకు" దగ్గర తొమ్మిది అయిపోతాయి, "జేసిన యెగ్గులు" అని పదోది మొదలవుతుంది. ఊపిరి తీసుకోవడానికి తిరుపతి వేంకట కవులు గుమ్మం కట్టి ఇచ్చినట్టుంటుంది. మాట విరగదు, యతి దెబ్బతినదు. కొత్త నటుడు కూడా ఈ పద్యంలో గట్టెక్కుతాడు. "అలుగుటయే యెఱుంగని మహామహితాత్ముడజాతశత్రుడే" దగ్గరికి వస్తే ఆట మారుతుంది. ఇది చంపకమాల, 21 అక్షరాలు, యతి పదకొండో అక్షరం మీద. లెక్కపెట్టి చూడండి, పదకొండోది "మహా"లో "హా". యతి దగ్గర ఊపిరి తీస్తే "మ" అటు, "హామహితాత్ముడు" ఇటు పడుతుంది. కాబట్టి ఒక అక్షరం ముందే, "యెఱుంగని" దగ్గరే ఊపిరి పట్టాలి, అక్కడి నుంచి పాదం చివరి "డే" దాకా పన్నెండు అక్షరాలు ఒక్క బిగిని పోవాలి. పాదం చివర కూడా మాట పూర్తి కాదు, "అలిగిననాడు" అని తర్వాతి పాదంలోకి పారుతుంది. ఆ "డే" మీద ఎంతసేపు నిలబడాలన్నదే రాయబారం కృష్ణుడి అసలు పరీక్ష. చాలినంతసేపు నిలవకపోతే బెదిరింపు పండదు, మరీ ఎక్కువ నిలిస్తే ధర్మరాజు కోపం కాస్తా సంగీత కచేరీ అయిపోతుంది. ఈ ఒక్క చోటు సరిగ్గా కుదరడానికి నటుడికి ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళు పెట్టినవాడు పడక సీను వైపు ఎందుకు చూస్తాడు? "బావా! ఎప్పుడు వచ్చితీవు" అన్నది పలకరింపు. అందులో చిరునవ్వు కావాలి, నిద్ర లేచిన మనిషి మెత్తదనం కావాలి, చమత్కారం కావాలి. రాయబారంలో కావలసింది వేరే ఊపిరి. ఒకే కృష్ణుడే గానీ, గొంతులు రెండు.

నాలుగు పాదాల పద్యం ఊరికే చదివితే అర నిమిషం. రాగం తీసి, స్వరం కదిపి, మళ్ళీ మొదటి పాదానికి వచ్చి ముగిస్తే పది నిమిషాలు. మోహన, కల్యాణి, కేదారగౌళ, ముఖారి, ఎవరి సొత్తు వారికి ఉండేది. చప్పట్లు పడ్డాక వెనక నుంచి "ఒన్స్‌మోర్" కేక. మళ్ళీ అదే పద్యం. ఎదుటివాడు ఊరుకుంటాడా? అర్జునుడు తన పద్యాన్ని ఇంకో రెండు నిమిషాలు సాగదీస్తాడు. మధ్యలో చదివింపులు. ఎవరో పెద్దమనిషి నోటు పంపిస్తే నాటకం ఆపి ఆయన పేరు చదవడం, కృష్ణుడు కిరీటంతో సహా దణ్ణం పెట్టడం. ఈ పోటీ ముదిరితే నాటకం ఆగి, ఇద్దరు పాటగాళ్ళు మిగులుతారు. పీసపాటి నరసింహమూర్తి గారిని ఇప్పటికీ తలుచుకోవడానికి కారణం ఇదే. ఆయన రాగం కోసం పద్యాన్ని సాగదీయలేదు. పద్యాన్ని మాటలాగా, ఎదుటివాడికి చెబుతున్నట్టు చెప్పారు. కృష్ణుడంటే పీసపాటి అన్న పేరు రాగంతో కాదు, అర్థంతో వచ్చింది. షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడు వేరు, ఈలపాట రఘురామయ్య గారి కృష్ణుడు వేరు. రఘురామయ్య గారికైతే వేలు నోట్లో పెట్టుకుని వేసే ఈలే ఇంటిపేరైంది, కల్యాణం అన్న అసలు ఇంటిపేరు చాలామందికి తెలియనే తెలియదు. ముగ్గురినీ ఒకే తక్కెడలో తూచడం నా దృష్టిలో అన్యాయం.

వేషం అంటుకోవడానికి గ్రామఫోను చేసిన సాయం ఇంతా అంతా కాదు. 78 రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే. పది నిమిషాల పద్యం మూడు నిమిషాల్లో ఒదగాలంటే రాగం కత్తిరించి, బాగా పండిన సంగతులే (స్వరాల విరుపులే) ఉంచాలి. అలా ఒదిగిన రూపం ఇంటింటికీ వెళ్ళి, అదే సరైన బాణీ అయి కూర్చుంది. తర్వాత స్టేజీ మీద అదే నటుడు సంగతి మారిస్తే "రికార్డులో ఇలా లేదే" అన్నారు జనం. తన గొంతుకే తాను బందీ. క్యాసెట్ల కాలంలో డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రకి అదే యోగం పట్టింది. మైకుసెట్టు ఉన్న ప్రతి ఊళ్ళోనూ ఆ కాటిసీను మోగింది. పద్యం చదవడం రానివాడికి కూడా ఎక్కడ ఆగుతారో, ఎక్కడ గొంతు జీరపోతుందో కంఠతా వచ్చేసింది.

కాటిసీను సంగతి కొంచెం విడిగా చెప్పుకోవాలి. అందులో జనం ఎదురుచూసే "ఎన్నో యేండ్లు గతించిపోయినవి" వంటి పద్యాలు బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువా గారి శ్మశానవాటిక ఖండకావ్యంలోవి. నటులు తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. అవి అక్కడే పుట్టినంత చక్కగా అతికాయి. ఆ పద్యాలు చేరాకే కాటిసీను ఒక్కటే ఒక నాటకమంత అయింది, దానికోసం వేరే నటుణ్ణి తేవలసిన అవసరం పుట్టింది. రాజుగా మొదలై భార్యాబిడ్డల్ని అమ్ముకునేదాకా పద్యాలు పాడి అలిసిన గొంతుతో రాత్రి రెండు, మూడు గంటలప్పుడు జాషువా పద్యాలు అందుకోవడం ఎంత మొనగాడికైనా కష్టం. రెండో హరిశ్చంద్రుడు తాజాగా రావాలి.

తాజాగా అంటే నిద్ర లేచి నేరుగా అని కాదు. నిద్ర లేచిన గొంతు బరువుగా ఉంటుంది, పై స్వరాలు పలకవు. అనుభవం ఉన్నవాడు తన సీనుకి గంట ముందే లేచి, వేడినీళ్ళు తాగి, మంద్రంలో సన్నగా కూనిరాగం తీస్తూ మెల్లగా పైకి వస్తాడు. ఒకేసారి తారస్థాయిలో గొంతు సవరించినవాడు ఆ రాత్రికి చెడినట్టే. పాలు, పెరుగు ఆ పూటకి ముట్టడు. మిరియం, పటికబెల్లం బుగ్గన పెట్టుకుంటాడు. వేషం చూస్తే ఏముంది? కిరీటం లేదు, భుజకీర్తులు లేవు. ముతక గుడ్డ, భుజాన కర్ర, ఒంటికి బూడిద. చేతులు ఊపడానికి కూడా కర్ర అడ్డం. ఆడంబరం ఏదీ లేకపోవడంతో మొత్తం బరువు గొంతు మీదే పడుతుంది. అందుకే కాటిసీను హరిశ్చంద్రుడు ఎవరో కళ్ళు మూసుకుని చెప్పేవారు. కృష్ణుడి విషయంలో అలా కాదు, అక్కడ కంటికి కూడా వాటా ఉంది.

కృష్ణుడి రంగు గురించి. ముందు గడ్డం నున్నగా గీయాలి, ఆ పని సాయంత్రమే కావాలి, పొద్దున గీసింది చాలదు. మొహానికి కొబ్బరినూనె పలచగా రాసి, మిగిలింది గుడ్డతో అద్దేయాలి. నూనె ఎక్కువైతే పద్యం ఎత్తుకోగానే చెమటకి రంగు నుదుటి నుంచి కళ్ళలోకి కారుతుంది, తక్కువైతే పెదవుల పక్కన, కళ్ళ కింద బీటలు వారుతుంది. సఫేదా అనే తెల్లరంగు పొడిలో నీలం కలిపి నూనెతో నూరి, వేళ్ళతో చుక్కలుగా పెట్టి, కింది నుంచి పైకి అద్దాలి. రుద్దితే చారలు పడతాయి. పైన పౌడరు కొట్టి ఆరనిచ్చాకే కాటుక, తిలకం, పెదవుల ఎరుపు. పెట్రోమాక్సు లైట్ల కాలంలో నీలం ముదురైతే దూరానికి నల్లగా కనపడేది, అందుకే తెలుపు ఎక్కువ కలిపేవారు. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే: మొహానికి, మెడకి రాసి మణికట్లు వదిలేస్తారు. చెయ్యెత్తి "జెండాపై కపిరాజు" అనగానే నీలం మొహం పక్కన గోధుమరంగు చెయ్యి లేస్తుంది. ముగ్గురు కృష్ణుల మొహాలు వేరుగా ఉన్నా పట్టించుకోని జనం, ముగ్గురి నీలం మూడు ఛాయల్లో ఉంటే మాత్రం చెవులు కొరుక్కునేవారు.

కిరీటం పొణికి చెక్కది అయితే తేలిక. అయినా తల వెనక్కి వంచి తారస్థాయి పట్టగానే జారుతుంది. గడ్డం కింద తాడు కడితే దవడ ఆడదు, మాట నలుగుతుంది. అందుకని తలకి ముందు గుడ్డ చుట్టి, దాని మీద కిరీటం బిగించి, ముడి మెడ వెనక వేయాలి.

దుర్యోధనుడికి మీసం బాధ. స్పిరిట్ గమ్ రాసి వెంటనే అతికిస్తే నిలవదు. వేలికి జిగటగా తగిలేదాకా ఆగి, అప్పుడు మీసం పెట్టి తడిగుడ్డతో గట్టిగా నొక్కాలి. ఒకే ముక్క మీసం పాడేవాడికి పనికిరాదు. నోరు బార్లా తెరిచినప్పుడల్లా పై పెదవి మధ్యలో లేచిపోతుంది. రెండు ముక్కలుగా చేసి మధ్యలో సందు ఉంచితే తెల్లవారేదాకా కదలదు. గద బోలుది. దాన్ని తేలిగ్గా ఎత్తినవాడు దొరికిపోతాడు. బరువైనదాన్ని ఎత్తుతున్నట్టు ముందు భుజం కిందకి దిగాలి, తర్వాత చెయ్యి కదలాలి. ఇవన్నీ ఒక్క వేషానికి సంబంధించిన పనులు. వేషం మార్చిన ప్రతిసారీ ఒళ్ళు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. దుర్యోధనుడంటే మాధవపెద్ది వెంకట్రామయ్య గారు, ధర్మరాజంటే అద్దంకి శ్రీరామమూర్తి గారు, చింతామణిలో బిల్వమంగళుడంటే బందా కనకలింగేశ్వరరావు గారు అని స్థిరపడిపోవడంలో ఈ ఒంటి చదువు పాలు చాలా ఉంది.

ఆడవేషాల దగ్గర ఈ అంటుకోవడం ఇంకా గాఢం. స్థానం నరసింహారావు గారు రోషనార వేశారు, చిత్రాంగి వేశారు, మధురవాణి వేశారు. అయినా జనానికి ఆయన సత్యభామే. శ్రీకృష్ణ తులాభారంలో "మీరజాలగలడా నా యానతి" పాట ఆయన రాసుకున్నదే. సత్యభామ గర్వం ఎలా ఉండాలో నటుడే తేల్చుకుని, దానికి సరిపడా పల్లవి కట్టుకున్నాడన్నమాట. ఒన్స్‌మోర్ అన్నప్పుడల్లా పల్లవి అదే, చూపు వేరు. ఒకసారి ధీమా, ఒకసారి ఎత్తిపొడుపు, ఒకసారి లోపల ఎక్కడో చిన్న అనుమానం. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. 1966లో తులాభారం సినిమాలో ఆ పాట సుశీల గారి గొంతుతో జమున గారి మీదికి వచ్చాక, తర్వాతి తరానికి సత్యభామ అంటే జమున. పాత్ర చేతులు మారింది, పాట మారలేదు.

కూచిపూడిలో సత్యభామ ఒక నటుడి సొత్తు కాదు, ఊరిదే. సిద్ధేంద్రుడి భామాకలాపం ఆ ఊరి మగపిల్లలు జీవితంలో ఒక్కసారైనా ఆడాలన్నది కట్టుబాటు. తెర వెనక నుంచి ముందు జడ పడుతుంది. అది అలంకారం కాదు, సవాలు: నన్ను ఓడించగలిగితే ఈ జడ కోసుకోండి అని. తర్వాతే "భామనే సత్యభామనే". ఊరందరిదీ అయిన అలాంటి పాత్ర కూడా చివరికి ఒక మనిషి పేరుతో ముడిపడింది. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు 2012లో పోయేదాకా కూచిపూడి సత్యభామ అంటే ముందు ఆయన మొహమే కళ్ళ ముందుకి వచ్చేది.

పాత్ర మనిషిని మింగితే ఒక కథ, పాత్ర నాటకాన్నే మింగితే ఇంకో కథ. చింతామణిలో సుబ్బిశెట్టి అలాంటిది. కాళ్ళకూరి వారు వేశ్యాలోలత్వం మీద రాసిన నాటకం అది. హాస్యగాడికి చప్పట్లు ఎక్కువ పడటంతో ఒక్కొక్కరు ఒక్కో మాట కలిపారు. ఈ ఊళ్ళో పండిన మాట పక్క ఊళ్ళో పాఠం అయింది. ఒక తరం గడిచేసరికి పుస్తకంలో ఉన్న శెట్టి వేరు, స్టేజీ మీది శెట్టి వేరు. బూతు పెరిగింది, ఒక కులాన్ని ఎగతాళి చేయడమే సీను అయింది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. కలిపిన మాటల పాపం రాసినాయన నెత్తిన పడింది. సుబ్బిశెట్టిగా పేరు పడ్డ నటుల్లో గొప్ప హాస్యం తెలిసినవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ జనం అడిగిందల్లా ఇవ్వడం మొదలుపెడితే ఎక్కడ ఆగాలో ఆ వేషమే చెబుతుంది.

టాకీలు వచ్చిన కొత్తలో స్టేజీ గొంతులే సినిమాకి వెళ్ళాయి. నేపథ్యగానం లేదు, నటుడే పాడాలి. 1933లో సావిత్రిలో యముడు వేమూరి గగ్గయ్య గారు. 1935లో శ్రీకృష్ణలీలల్లో కంసుడూ ఆయనే. ఆ గొంతు విన్నాక తెలుగువాళ్ళకి యముడంటే వేరే రూపం తోచలేదు. యమగోల వచ్చింది 1977లో, అప్పుడు ఆ సింహాసనం కైకాల సత్యనారాయణ గారిది అయింది. యముడికి మొగుడు, యమలీల దాకా ఆయన దిగలేదు. ఈ మధ్యలో జరిగిన మార్పు ఏమిటంటే, నేపథ్యగానం వచ్చి గొంతునీ మొహాన్నీ విడదీసింది. 1957 మాయాబజార్ కృష్ణుడికి పద్యం ఘంటసాల గారిది, రూపం రామారావు గారిది. స్టేజీ మీద వేషం గొంతుని పట్టుకుని ఉండేది, సినిమాలో మొహాన్ని పట్టుకుంది. క్యాలెండర్లలో గొంతు అచ్చు వేయలేరు కదా.

ఒక వేషాన్ని ఇంకో వేషంతో తుడిచిన నటుడు కూడా ఉన్నారు. ధూళిపాళ గారు స్టేజీ మీద దుర్యోధనుడు, 1962 భీష్మలోనూ దుర్యోధనుడే. 1966లో శ్రీకృష్ణ పాండవీయంలో శకుని వేశారు. అంతే, దుర్యోధనుణ్ణి జనం మరిచిపోయారు. 1977లో దానవీరశూరకర్ణకి మళ్ళీ పాచికలు ఆయన చేతికే వచ్చాయి. జె.వి. సోమయాజులు గారిది దీనికి తిరగేసిన లెక్క. తమ్ముడు రమణమూర్తి గారు గిరీశంగా పేరు మోసిన కన్యాశుల్కంలో ఆయన రామప్పపంతులు వేసేవారు. కుట్రలూ, కోర్టు పక్షులూ, దొంగ పెద్దరికం ఉన్న పంతులు. డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూ 1980లో శంకరాభరణం చేశారు. ఆ తర్వాత రామప్పపంతులు ఆయనే అంటే నమ్మినవాడు లేడు. మరుసటి ఏడే సప్తపదిలో యాజులు, త్యాగయ్యలో త్యాగయ్య. దారి అలా ఖాయమైపోయింది.

సినిమా పేరే ఇంటిపేరుగా మారడంలో అభిమానం కంటే అవసరం ఎక్కువ. ఎస్.వి. రంగారావు ఉండగా ఇంకో రంగారావు వస్తే గుర్తేమిటి? 1967లో సాక్షి చేశారు కాబట్టి సాక్షి రంగారావు. గాయని జానకి ఉన్నారు కాబట్టి 1950 నాటి సినిమాతో షావుకారు జానకి. ఇండస్ట్రీలో సుధాకర్లు ఎక్కువైతే శుభలేఖ సుధాకర్, ప్రసాదులు ఎక్కువైతే ఆహుతి ప్రసాద్. స్టేజీవాళ్ళకి ఈ తిప్పలు లేవు, వాళ్ళ గుర్తు సీనే.

నాటకం అయ్యాక రంగు తుడవడం కూడా ఒక వరస ప్రకారమే జరగాలి. నీళ్ళు ముందు తగిలితే సఫేదా ముద్దకట్టి చర్మానికి పట్టుకుంటుంది. ముందు కొబ్బరినూనె దట్టంగా మర్దనా చేసి పాత పంచె గుడ్డతో తుడవాలి. మళ్ళీ నూనె, మళ్ళీ గుడ్డ. ఆ తర్వాతే సబ్బు. మీసం లాగేయకూడదు, అంచుల్లోకి స్పిరిట్ పోనిచ్చి నానాక తీయాలి, లేకపోతే పై పెదవి తోలు వస్తుంది, మర్నాడు రాత్రి అదే చోట మళ్ళీ గమ్ రాయాల్సి ఉంటుంది. ఎంత తుడిచినా నీలం మూడు చోట్ల దాక్కుంటుంది: జుట్టు మొదళ్ళలో, గోళ్ళ సందుల్లో, చెవుల వెనక. తెల్లవారి మొదటి బస్సు ఎక్కితే కండక్టరు టిక్కెట్టు కొడుతూ చెవి వెనక చూసేవాడు. ఊరి పేరు అడిగేముందు అడిగేది ఇదే: "పడక సీనా, రాయబారమా అండీ?"